చూద్దాం అన్న మాట ఏ కొమ్మకు?

రిపోర్ట్స్, ఫైనాన్స్, ఫ్రైడే. నా మైండ్ మ్యాపులో ఈ మూడు మాటలూ ఒకదానికొకటి కొమ్మలై వేలాడుతున్నాయి. ఎవరు పంపాలి, ఎవరికి పంపాలి అన్నది మాత్రం ఎక్కడా లేదు. మీటింగ్ అయిన రోజున ఆ సంగతి నాకు బాగా తెలుసు, అందుకే రాయలేదు. పది రోజులు పోయాక నాకూ గుర్తులేదు. ఫైనాన్స్ వాళ్ళు పంపుతారని మేమూ, మేము పంపుతామని వాళ్ళూ కూర్చున్నాం. శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. సోమవారం పొద్దున్న మా టీమ్‌లో సీనియర్ మేడమ్ బ్యాగులోంచి పొడుగు నోట్‌బుక్కు తీసి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివారు: “శుక్రవారంలోగా రిపోర్టులు ఫైనాన్స్ వాళ్ళు పంపాలి, మనం సరిచూసి వెనక్కివ్వాలి.” నా మ్యాపు ప్రింటు కూడా బల్ల మీదే ఉంది, ఏ3 కాగితం మీద, నాలుగు రంగుల్లో. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఎటు నుంచి చదవాలి బాబూ?” అన్నారు.

వెక్కిరించలేదు, నిజంగానే అడిగారు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పటినుంచి ఓ ఏడాదిగా, ఒకే మీటింగుకు ఆవిడ రాసిన పేజీనీ నేను వేసిన మ్యాపునీ పక్కపక్కన పెట్టి చూడటం అలవాటైంది. హైదరాబాద్‌లో మామూలు సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. గదిలో మాట్లాడేది సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఆవిడ తెలుగు లిపిలోనే రాస్తారు, ఇంగ్లీషు మాటలైనా సరే. నేను ఇంగ్లీషులో టైపు చేస్తాను. రెండూ ఒకే గంటను చెబుతున్నాయంటే బయటివాళ్ళెవరూ నమ్మరు.

మైండ్ మ్యాప్ అన్న పేరును ఊరూరా తిప్పినవాడు ఇంగ్లండుకు చెందిన టోనీ బుజాన్. 1974లో బీబీసీలో ‘యూజ్ యువర్ హెడ్’ అనే కార్యక్రమం చేశాడు, అదే పేరుతో పుస్తకమూ రాశాడు. కాగితం మధ్యలో ఒక బొమ్మ, దాన్నుంచి వంపులు తిరిగే లావుపాటి కొమ్మలు, వాటికి పిల్లకొమ్మలు, బోలెడన్ని రంగులు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం, కొమ్మకు ఒక్కటే మాట. మెదడులో కుడిభాగం, ఎడమభాగం అంటూ ఆయన చెప్పిన శాస్త్రాన్ని పక్కన పెట్టేయొచ్చు, అది పెద్దగా నిలబడలేదు. కానీ ఆ ఒక్కమాట నియమం వెనక తర్కం ఉంది. అది చదువుకునేవాడి కోసం పెట్టింది. పాఠం వాడి తలలో ఉంది, మాట దానికి తగిలించిన కొక్కెం. కొక్కెం లాగితే పాఠం కదిలి వస్తుంది. మీటింగ్‌లో సంగతి వేరు. అక్కడ మాటలు ఇంకొకరివి, రేపు చదవాల్సిందీ ఇంకొకరే. వాళ్ళ తలలో పాఠం లేదు, చేతిలో ఉన్నది ఉత్త కొక్కెం.

ఇంగ్లీషులో ఈ నష్టం కొంత తక్కువేమో. మన మాటలో బరువంతా చివర పడుతుంది. “సర్వర్ మారుస్తాం.” “సర్వర్ మార్చాలి.” “సర్వర్ మార్చొచ్చు.” “సర్వర్ మారిస్తే?” “సర్వర్ మార్చనివ్వరు.” అయిదుగురు అయిదు మాటలన్నారు. ఒకరిది హామీ, ఒకరిది ఆదేశం, ఒకరు వీలుందంటున్నారు, ఒకరు మెల్లగా అనుమానం పెడుతున్నారు, అయిదో ఆయన పైవాళ్ళ మీద తన పాత కోపం తీర్చుకుంటున్నాడు. నా మ్యాపులో ఈ అయిదూ కలిసి ‘సర్వర్ ఛేంజ్’ అయి కూర్చున్నాయి. మేడమ్ పేజీలో మాత్రం అయిదు వాక్యాలున్నాయి, ఒక్కోదాని ముందు పొడి అక్షరాల్లో ఎవరన్నారో ఉంది. క్రియ ఒక్కటే కాదు పోయింది, విభక్తి కూడా పోయింది. ‘ఫైనాన్స్’ అన్న మాటకు ఒక్క ‘నుంచి’ చేర్చి ఉంటే ఆ శుక్రవారం మాకు దక్కేది.

తెలుగు మీటింగుల్లో నలిగినవాళ్ళకు ఇంకో సంగతి చెప్పనక్కర్లేదు. చేద్దాం, చేసేద్దాం, చేద్దాంలే, చూద్దాం. మొదటిది ఒప్పుకోలు. రెండోది హుషారు, సాయంత్రానికి తగ్గిపోతుంది. మూడోదానిలో ఆ ‘లే’ ఉంది చూశారూ, దాని అర్థం ‘ఇప్పుడు నన్ను కదపకు’ అని. నాలుగోది కాదు అనడానికి మర్యాదైన మాట. మేడమ్ నాలుగోదాన్ని ఎప్పుడూ అన్నది అన్నట్టే రాస్తారు, “చూద్దాం అన్నారు” అని, కింద రెండు గీతలు కొట్టి. నేను దాన్ని ‘ఓపెన్ ఐటమ్స్’ కొమ్మకు తగిలించేవాణ్ణి. తలుపు మూసేసినదాన్ని తెరిచి ఉన్నట్టు రాసుకోవడమన్నమాట.

ఇంతవరకూ చదివినవాళ్ళు నేను నోట్‌బుక్కు పార్టీలో చేరిపోయానని అనుకుంటారు. తొందరపడొద్దు.

ఒక క్లయింటు పనికి మొదటి మీటింగ్. వాళ్ళకు ఏం కావాలో తెలుసుకోవడమే పని. మూడు గంటలు సాగింది. లాగిన్ గురించి అయిదో నిమిషంలో ఒకాయన మాట్లాడాడు, టీ అయ్యాక ఇంకొకావిడ మాట్లాడింది, లేచి వెళ్ళబోతూ మొదటాయనే మళ్ళీ ఎత్తాడు. మేడమ్ పుస్తకంలో అది మూడో పేజీలో ఉంది, తొమ్మిదో పేజీలో ఉంది, పద్నాలుగో పేజీలో ఉంది. నా మ్యాపులో ఒకే కొమ్మ కింద మూడు ఆకులుగా పక్కపక్కన పడ్డాయి. పడగానే తెలిసింది, మొదటాయన పొద్దున ఒకటీ మధ్యాహ్నం ఇంకొకటీ చెప్పాడని. ఉద్యోగి నంబరుతో లాగిన్ అవ్వాలని ముందు అన్నాడు, ఫోన్ నంబరుతో అని తర్వాత అన్నాడు. గదిలో ఉండగానే అడిగేశాను. ఆయన నవ్వి, రెండూ కావాలన్నాడు. ఆ ఒక్క జవాబుతో మాకు రెండు వారాల పని ఆదా అయింది. వరసగా రాసుకుంటూ పోయే పుస్తకం ఈ పని చేయలేదు, ఎందుకంటే అది కాలాన్ని నమ్ముకుంది. మాట ఎప్పుడు వచ్చిందో అక్కడే ఉంచుతుంది. మనుషులు మాట్లాడేది అలా కాదు కదా, తిరిగిన చోటే పదిసార్లు తిరుగుతారు.

అదే రోజు ఇంకొకటి కూడా చూశాను. ‘బ్యాకప్’ అని ఒక కొమ్మ ముందే వేసి పెట్టుకున్నాను. మూడు గంటలు గడిచినా దానికి ఒక్క ఆకూ మొలవలేదు. చుట్టూ అన్నీ గుబురుగా ఉన్నాయి, అదొక్కటే మోడు. లేనిది కంటికి కనబడటం మ్యాపులోనే సాధ్యం. పుస్తకంలో మాట్లాడని విషయానికి ఖాళీ పేజీ వదలరు, తర్వాతి విషయం వచ్చి దాని చోటు తినేస్తుంది. ఆ మోడును చూపించి అడిగితే, డేటా పోతే ఎవరు బాధ్యులన్న ప్రశ్న మీద మరో అరగంట నడిచింది. ఆ అరగంటను మాత్రం నా మ్యాపు సరిగ్గా పట్టలేదు. అది వాదన. ఒకరు అంటే ఇంకొకరు కాదన్నారు, కాబట్టి మూడోవాళ్ళు షరతు పెట్టారు. ‘కాబట్టి’ని ఏ కొమ్మకు కట్టాలి? మేడమ్ పుస్తకంలో ఆ అరగంట రెండు పేజీల నాటకంలా ఉంది, ఎవరు ఎక్కడ తగ్గారో కూడా తెలుస్తుంది.

అంటే విషయం ఎక్కడిదో మ్యాపుకు తెలుసు, మాట ఎలా తిరిగిందో వాక్యానికి తెలుసు. క్రియ కూడా ఉండే పటం ఏదైనా ఉందా అని వెతికితే ఒకటుంది, దాన్ని చాలామంది మైండ్ మ్యాపే అనుకుంటారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం 1970లలో పిల్లల సైన్స్ అవగాహనను పరిశీలిస్తూ తయారుచేసిన కాన్సెప్ట్ మ్యాప్. బుజాన్ గీతలు మూగవి, నోవాక్ గీతల మీద మాట తప్పనిసరి. రెండు భావాల మధ్య గీత గీస్తే, ఆ గీత మీద వాటి సంబంధం రాయాలి, మొత్తం కలిపి చదివితే ఒక వాక్యం అవ్వాలి. ఫైనాన్స్ అనే పెట్టె, రిపోర్టులు అనే పెట్టె, మధ్య గీత మీద ‘పంపాలి’. ఒక కొమ్మ ఒకే కాండానికి అతుక్కుని ఉండాలన్న నిర్బంధమూ లేదు, ఎక్కణ్ణుంచి ఎక్కడికైనా గీత లాగొచ్చు. ఫ్లోరిడాలోని ఐహెచ్‌ఎంసీ సంస్థ దీనికోసం సీమ్యాప్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ చేసింది. నా రోగానికి మందు దొరికిందనుకుని రెండు మీటింగులకు పట్టుకెళ్ళాను. మందు మంచిదే, వేసుకునే తీరిక లేదు. పెట్టె గీసి, గీత లాగి, గీత మీద క్రియ టైపు చేసేలోపు గదిలో వాళ్ళు ఇంకో మూడు విషయాలు దాటిపోయారు. మీటింగ్ అయ్యాక ఇంటి దగ్గర కూర్చుని, ఏది దేనివల్ల జరిగిందో తేల్చుకోవడానికి దానికి మించింది లేదు. గదిలో మాత్రం అది మౌనంగా కూర్చుని చదవాల్సిన పుస్తకం.

వేగం దగ్గరకొచ్చేసరికి సాఫ్ట్‌వేర్‌ల మధ్య తేడా బయటపడుతుంది. ఫ్రీమైండ్ నుంచి విడిపోయి వచ్చిన ఫ్రీప్లేన్ చూడటానికి పాత ప్రభుత్వాఫీసు ఫారంలా ఉంటుంది. కానీ ట్యాబ్ కొడితే పిల్లకొమ్మ, ఎంటర్ కొడితే తోబుట్టువు, స్పేస్ కొడితే మడుచుకుంటుంది. మౌసు ముట్టుకోకుండా గంట గడిపేయొచ్చు. ఫైలు లోపలంతా మామూలు టెక్స్టే, పదేళ్ళ తర్వాత సాఫ్ట్‌వేర్ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఏం రాసుకున్నామో చూడొచ్చు. ఎక్స్‌మైండ్ అందగత్తె. అదే సరుకును చేపముల్లులా, కాలరేఖలా, పట్టికలా మార్చి చూపిస్తుంది. ఆ అందమే మీటింగ్‌లో ప్రమాదం. అవతల ఎవరో తేదీ చెబుతుంటే నేను కొమ్మ రంగు సరిచేస్తూ దొరికిపోయాను, అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, నా చపలత్వం. మైండ్‌మేనేజర్‌లో కొమ్మకు గడువు తేదీ, పని ఎవరిదన్న పేరు తగిలించే చోట్లున్నాయి. క్రియ పోతోందని దాని తయారీదార్లకూ తెలిసినట్టుంది, దొడ్డిదారిన తెచ్చిపెట్టారు. 2007లో వచ్చిన మైండ్‌మైస్టర్‌లో నలుగురూ ఒకే మ్యాపులో ఒకేసారి రాయొచ్చు. వినడానికి బాగుంటుంది. నలుగురూ రాస్తుంటే వినేదెవరు?

తెలుగులో వేద్దామని కూడా ప్రయత్నించాను. తెర మీద బాగానే కనిపించింది. వాడింది ఏదో చెప్పను గానీ, పీడీఎఫ్ చేసేసరికి ఒత్తులన్నీ అక్షరాల కింద నుంచి బయటికొచ్చి పక్కన నిలబడ్డాయి. ‘నిర్ణయం’ ముక్కలు ముక్కలైంది. మా మీటింగ్‌కు అది సరిపోయిందని మేడమ్ నవ్వారు.

మ్యాపును గోడ మీద ప్రొజెక్టర్‌తో చూపిస్తూ వేయడం వేరే ఆట. మొదట్లో అందరికీ నచ్చుతుంది, తప్పు రాస్తే అప్పటికప్పుడు దిద్దుతారు. కాసేపటికి గమనిస్తే, మాట్లాడేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసి గోడతో మాట్లాడుతుంటారు. మేనేజర్ అన్న ప్రతి మాటకూ ఒక కొమ్మ వస్తుంది, కొత్తగా చేరిన కుర్రాడు గొణిగినదానికి రాదు. పెన్నుతో రాసుకునే మనిషికీ పక్షపాతం ఉంటుంది, కానీ అది గోడ మీద అందరికీ కనబడదు.

ఇలా తెర మీద చూపించడం కొత్తేమీ కాదు. 1968 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ వెయ్యిమంది ముందు కంప్యూటర్‌ను చూపించినప్పుడు, ఇంటికి కొనాల్సిన వెచ్చాల జాబితాను ఉదాహరణగా తీసుకున్నాడు. దాన్ని వర్గాలుగా విడదీశాడు, మడిచాడు, తెరిచాడు. తర్వాత అదే సరుకును, ఇంటికి వెళ్ళేదారిలో ఎక్కడెక్కడ ఆగాలో చూపే పటంగా తెర మీద పెట్టాడు. జాబితా, పటం ఒకేదాని రెండు వేషాలన్నమాట. మ్యాపును ఎక్కువ పొగిడేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. మన సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసే మ్యాపు నిజానికి లోపలికి జరిపి రాసుకున్న జాబితాయే, గుండ్రంగా పరిచారు. కొమ్మల్ని కాపీ చేసి వర్డ్‌లో అతికించి చూడండి, చెట్టు కూలి మెట్లు మెట్లుగా పడుతుంది. బుజాన్ బొమ్మలూ వంపులూ చేత్తో గీసినప్పుడు ఇచ్చేదేదో ఉందేమో, కీబోర్డు దగ్గరికొచ్చేసరికి మిగిలేది వర్గీకరణే.

పరిశోధనల మాట కూడా ఒక్క ముక్కలో. లండన్‌లో 50 మంది వైద్య విద్యార్థులకు 600 పదాల పాఠమిచ్చి చేసిన 2002 నాటి అధ్యయనంలో, వారం తర్వాత మైండ్ మ్యాపు వేసినవాళ్ళకు కాస్త ఎక్కువ గుర్తుంది, కానీ ఆ పద్ధతి మీద ఇష్టం మాత్రం తక్కువ. ల్యాప్‌టాప్ కంటే కలమే మేలని 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ చెప్పినది తర్వాత మళ్ళీ చేసి చూసినవాళ్ళకు అంత గట్టిగా నిలబడలేదు. ఎటు చూసినా అవి పాఠాలు, ఉపన్యాసాలు. ఉపన్యాసంలో ఎవరూ మనకు పని అప్పగించరు.

అప్పగించే సభలకు వేరే సంప్రదాయం ఉంది. 1876లో అమెరికన్ సైనిక ఇంజనీర్ హెన్రీ రాబర్ట్ సభానియమాల పుస్తకం రాస్తూ, మినిట్స్‌లో సభలో చేసింది రాయాలి గానీ అన్నది కాదని తేల్చాడు. మన 2013 కంపెనీల చట్టం 118వ సెక్షన్ బోర్డు మీటింగ్ ముగిసిన 30 రోజుల్లోగా మినిట్స్ పుస్తకానికెక్కాలనీ, పేజీలకు వరసగా నంబర్లుండాలనీ అంటుంది. కాగితాలు తెచ్చి అతికించడం కుదరదు. అలా ఉంచిన పుస్తకమే జరిగినదానికి సాక్ష్యం. వరస అన్నదాని మీద చట్టానికి ఎందుకంత పట్టుదలో ఇప్పుడర్థమవుతోంది. ఒక ఆకును పీకి ఇంకో కొమ్మకు కడితే మ్యాపులో మచ్చ కూడా మిగలదు. నోట్‌బుక్కులో కొట్టివేత మిగులుతుంది.

నేను చూసిన అత్యుత్తమ మినిట్స్ మాత్రం ఏ కంపెనీవీ కావు. మా అమ్మ పొదుపు సంఘంలో తీర్మానాల పుస్తకం. వరండాలో చాప, మధ్యలో డబ్బు పెట్టె, ఒకమ్మాయి రాస్తుంటుంది. వాళ్ళు మాట్లాడుకునేది వింటే తల తిరుగుతుంది, ఒకరి కోడలి సంగతి, ఇంకొకరి గేదె, నిరుడు ఎగ్గొట్టిన వాయిదా. అవేవీ పుస్తకంలోకి రావు. ఫలానా సభ్యురాలికి ఇరవై వేలు అప్పు ఇచ్చుటకు, పది నెలల్లో తిరిగి కట్టించుకొనుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. కింద సంతకాలు, రాయడం రాని వాళ్ళవి వేలిముద్రలు. రాసింది పైకి చదివి వినిపించాకే వేలు ఇంకు ప్యాడ్ మీద పడుతుంది.

‘తీర్మానించడమైనది’ ఎంత విచిత్రమైన మాటో చూడండి. దానికి కర్త లేదు. ఎవరు ముందు అడిగారో, ఎవరు మూతి ముడిచారో దానిలో కరిగిపోయాయి, పని మాత్రం గట్టిగా నిలబడింది. మేడమ్ పుస్తకంలో కర్త ఉంటాడు, క్రియ ఉంటుంది, గోల కూడా ఉంటుంది. నా మ్యాపులో కర్త, క్రియ రెండూ ఉండవు, విషయం ఉంటుంది. పాత పుస్తకంలో ఏదైనా వెతకాలంటే మేడమ్‌కూ ఇబ్బందే. ఆవిడ సెలవు పెట్టిన రోజున ఆ చేతిరాతను, ఆ పొడి అక్షరాలను ఇంకెవరూ చదవలేరు. పుస్తకం బ్యాగులో ఉన్నంతకాలం ఆఫీసు జ్ఞాపకం ఆవిడ ఒక్కరిదే. అది మంచిదని నేననను. అలాగని ఇప్పుడు ఆన్‌లైన్ కాల్స్‌లో తనంతట తానే అన్నీ రాసేసే ట్రాన్‌స్క్రిప్టు దానికి మందూ కాదు. మా సగం తెలుగును అది ఏవేవో ఇంగ్లీషు ఊళ్ళ పేర్లుగా మారుస్తుంది.

ఈమధ్య నా పద్ధతి కొంత మారింది. మధ్యకొమ్మలు ఎలాగైనా ఉండనీ, చివరి ఆకు మాత్రం వాక్యమై తీరాలి, తెలుగులో, విభక్తితో సహా. బుజాన్ చూస్తే ఒప్పుకోడు. మ్యాపు కాస్త లావెక్కింది, ఏ3లో పట్టడం లేదు.

‘ఓపెన్ ఐటమ్స్’ కొమ్మ తీసేశాను. దాని చోట ‘చూద్దాం’ అని ఒక కొమ్మ వేశాను, మీటింగ్ మారినా దాన్ని కొత్త మ్యాపులోకి మోసుకుపోతున్నాను. ఒక్కో పేజీలో ఒక్కోటి ఉన్నప్పుడు తెలియలేదు గానీ, అన్నీ ఒక చోట చేరేసరికి ఆ కొమ్మ మిగతా చెట్టంత పొడుగైంది. ఆర్నెల్లలో 23 ఆకులు. పోయిన వారం మేడమ్‌కు చూపించాను. కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటే చదివారు, కొన్నింటి దగ్గర నవ్వారు. తర్వాత బ్యాగులోంచి తన నోట్‌బుక్కు తీసి నా ముందు పెట్టి, “దేనికదే ఏ రోజున అన్నారో, ఎవరన్నారో ఇందులో ఉంది, పక్కన వేసుకో” అన్నారు.